కరువును తట్టుకునే మొక్క – ఏ కరువును?

ఎండాకాలం దగ్గర పడుతోందంటే చాలు, నర్సరీల బోర్డుల మీద, పత్రికల్లోని తోటల శీర్షికల్లో ఒక మాట కనిపిస్తుంది: ‘నీరు పెద్దగా అక్కర్లేని మొక్కలు’. దాని కింద నాలుగైదు జెముడు జాతులు, కలబంద, కిత్తనార, వాటి చుట్టూ తెల్లని గులకరాళ్లు ఉంటాయి. నీటి పొదుపు మంచిదే కాబట్టి ఈ సలహాను ఎవరూ ప్రశ్నించరు. కాని ‘కరువును తట్టుకునే మొక్క’ అనే మాటనే ఒకసారి పరీక్షించి చూడాల్సిన అవసరం ఉంది. ఒక మొక్క తట్టుకునేది ఏ కరువును? ఎన్ని నెలల కరువును? ఆ కరువుకు ముందు, తరువాత ఏముంటుంది?

ఈ పరీక్షకు ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కు నగరం భిలాయిని, అందులోని స్మృతి నగర్ వంటి నివాస కాలనీని తీసుకుందాం. ఉక్కు కర్మాగారంలో పని కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు భిలాయిలో చాలా ఉన్నాయి. ఇంటి ముందు రెండు మల్లె పొదలు, ఒక కరివేపాకు చెట్టు, తులసి కోట ఉండాలని కోరుకునే కుటుంబాలు అవి. మే నెలలో ఆ మొక్కల్ని ఎలా బతికించుకోవాలన్నది వారికి పుస్తకాల ప్రశ్న కాదు, ప్రతి సాయంత్రం ఎదురయ్యే ప్రశ్న.

రెండు ప్రసిద్ధ ఆలోచనలు

తక్కువ నీటితో తోట పెంచడం గురించి వచ్చిన ఆలోచనల్లో రెండు ప్రపంచమంతటా పేరు పొందాయి. మొదటిది అమెరికాలోని డెన్వర్ నగరంలో పుట్టింది. 1981లో ఆ నగర నీటి సరఫరా సంస్థ ‘జెరిస్కేప్’ అనే కొత్త పదాన్ని తయారు చేసింది. గ్రీకు భాషలో ‘జెరోస్’ అంటే పొడి అని అర్థం. ఈ పద్ధతికి ఏడు సూత్రాలు చెప్పారు: ముందుగా పథకం వేసుకోవడం, నేలను బాగుచేయడం, పచ్చిక బయలును అవసరమైనంత మేరకే ఉంచడం, తగిన మొక్కలను ఎంచుకోవడం, నీటిని పొదుపుగా పెట్టడం, మొదళ్ల దగ్గర నేలను కప్పి ఉంచడం, క్రమం తప్పకుండా సంరక్షించడం.

రెండవది ఇంగ్లండులో బెత్ చాటో అనే తోటల నిపుణురాలు చేసిన పని. తూర్పు ఇంగ్లండులోని ఎసెక్స్ ప్రాంతం ఆ దేశంలో వర్షం బాగా తక్కువ పడే ప్రాంతాల్లో ఒకటి. అక్కడి గులక నేలలో పెంచిన తోట అనుభవంతో ఆమె 1978లో ‘ది డ్రై గార్డెన్’ అనే పుస్తకం రాసింది. ఆ తరువాత 1990ల తొలి సంవత్సరాల్లో, అంతకుముందు కార్లు నిలిపే చోటును తోటగా మార్చి, దానికి నీరు పెట్టకూడదని నియమం పెట్టుకుంది. ఆ ప్రయోగ ఫలితాలు 2000లో మరో పుస్తకంగా వచ్చాయి. 2018లో ఆమె మరణించింది. తోట మాత్రం ఇప్పటికీ సందర్శకులను ఆకర్షిస్తోంది.

రెండూ గౌరవించదగిన ప్రయత్నాలే. చిక్కంతా అవి మన దగ్గరకు చేరిన రూపంలో ఉంది. డెన్వర్ చెప్పిన ఏడు సూత్రాల్లో మొక్కల ఎంపిక ఒకటి మాత్రమే. మిగిలినవాటిలో ఎక్కువ భాగం నేలకు, నీటికి, మనిషి చేసే పనికి సంబంధించినవి. వాటిని కుండీలో పెట్టి అమ్మలేం. అమ్మగలిగింది మొక్కను, గులకరాళ్లను మాత్రమే. అందుకే ఆ ఆలోచనలోంచి ఆ రెండే విడివడి మన వీధుల్లోకి వచ్చాయి. చాటో పుస్తకాల విషయంలోనూ ఇదే జరిగింది. ఆమె పద్ధతికి పునాది, స్థలం ఎలాంటిదో చూసి దానికి సరిపోయే మొక్కను పెట్టడం. చాలామంది ఆ పద్ధతిని వదిలి, ఆమె తోటలోని మొక్కల జాబితాను పట్టుకున్నారు.

వర్షాన్ని ఎలా లెక్కించాలి?

డెన్వర్‌లో ఏడాదికి సగటున 370 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వర్షం, మంచు కలిపి పడతాయి. ఎసెక్స్‌లో వర్షం సుమారు 500 మి.మీ. అనంతపురంలో సుమారు 550, హైదరాబాదులో 800 మి.మీ. దాకా ఉంటుంది. మరి భిలాయిలో? ఆ ప్రాంతపు సగటు సుమారు 1,100 నుంచి 1,300 మి.మీ. అంటే ఎసెక్స్‌కు రెట్టింపు కంటే ఎక్కువ. ఈ అంకెలను మాత్రమే చూస్తే భిలాయి తోటకు కరువు అన్న మాటే వర్తించదు.

అయినా మే నెలలో అక్కడ మొక్కలు మాడిపోతాయి. కారణం స్పష్టమే. ఆ వర్షంలో పదింట ఎనిమిది వంతులకు పైగా జూన్ నుంచి సెప్టెంబరు లోపలే పడుతుంది. అక్టోబరు చివరి నుంచి నేల ఎండడం మొదలవుతుంది. మార్చి వచ్చేసరికి ఎండ ముదురుతుంది. మే నెలలో పగటి ఉష్ణోగ్రత 42 డిగ్రీల సెంటీగ్రేడు దాటడం మామూలే. ఆ తరువాత జూలైలో అదే మొక్క మొదట్లో రోజుల తరబడి నీరు నిలుస్తుంది.

ఎసెక్స్‌లో పరిస్థితి వేరు. అక్కడ వర్షం తక్కువైనా ఏడాది పొడవునా కొద్దికొద్దిగా పడుతుంది. ఎండ తీవ్రత తక్కువ. ఇక చాటో ఎంచుకున్న మొక్కల్లో చాలా వాటి స్వస్థలం మధ్యధరా సముద్ర తీరం. అక్కడ వర్షాలు చలికాలంలో కురుస్తాయి, వేసవి పొడిగా ఉంటుంది. లావెండర్ వంటి మొక్కకు చల్లని తడి తెలుసు, వెచ్చని పొడి తెలుసు. వేడి, తడి కలిసి వచ్చే మన జూలై నెల దానికి పరిచయం లేదు. మే నెల ఎండను అది ఎలాగో దాటినా, వానాకాలంలో నేలలోని శిలీంధ్రాలు పట్టి వేళ్లు కుళ్లిపోయే ప్రమాదం ఎక్కువ. అంటే ‘కరువును తట్టుకునే’ ఆ మొక్కను మన దగ్గర చంపేది కరువు కాకపోవచ్చు, వాన కావచ్చు!

కాబట్టి ఏడాది మొత్తం వర్షం ఎంతో చూడడం చాలదు. అది ఏ నెలల్లో పడుతుంది, ఆ నెలల్లో వేడి ఎంత, రెండు వానాకాలాల మధ్య విరామం ఎంత అన్నవి చూడాలి. అనంతపురం కరువు ఒక రకం: మొత్తం వర్షం తక్కువ, అదీ ఎప్పుడు పడుతుందో నమ్మకం లేదు. భిలాయి కరువు మరో రకం: వర్షం సమృద్ధిగా వస్తుంది, వచ్చి వెళ్లిపోతుంది. రెండింటికీ ఒకే మొక్కల జాబితా ఎలా సరిపోతుంది?

మొక్క లోపల ఏం జరుగుతుంది?

నీటి కొరతను ఎదుర్కోవడానికి మొక్కలు అనుసరించే మార్గాలను వృక్ష శాస్త్రజ్ఞులు స్థూలంగా మూడుగా విభజిస్తారు. మొదటిది తప్పించుకోవడం. తడి ఉన్నప్పుడే మొలిచి, పూచి, విత్తనం వదిలి చనిపోయే ఏకవార్షిక మొక్కలు ఈ కోవకు చెందుతాయి. కరువు కాలాన్ని అవి విత్తన రూపంలో గడుపుతాయి. రెండవది లోపలి నీటిని కాపాడుకోవడం. లోతైన వేళ్లు, మైనపు పూత ఉన్న ఆకులు, ఎండలో ఆకు రాల్చడం, కాండంలో నీరు నిలవ చేయడం దీని కిందకు వస్తాయి. గన్నేరు ఆకులో పత్రరంధ్రాలు అడుగు భాగాన చిన్న గుంటల్లో, నూగు మధ్య దాగి ఉంటాయి. గాలి నేరుగా తగలకపోవడంతో నీటి ఆవిరి నష్టం తగ్గుతుంది. మూడవది నిజమైన ఓర్పు. కణాల్లో నీరు బాగా తగ్గినా ప్రాణం నిలుపుకుని, తడి తగలగానే తేరుకోవడం.

వీటిలో ప్రతి మార్గానికీ ఒక షరతు ఉంటుంది. జెముడు, కలబంద, రణపాల వంటి మొక్కలు పగలు పత్రరంధ్రాలను మూసి ఉంచి, రాత్రి తెరిచి కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుంటాయి. దాన్ని ఆమ్ల రూపంలో దాచుకుని, పగటి వెలుతురులో కిరణజన్య సంయోగక్రియకు వాడుకుంటాయి. ఈ రహస్యానికి సంబంధించిన తొలి ఆధారాల్లో ఒకటి మన దేశంలోనే దొరికింది. సామర్లకోటలోని ఈస్టిండియా కంపెనీ వృక్షోద్యానంలో కొంతకాలం పనిచేసిన బెంజమిన్ హేన్, రణపాల ఆకు ఉదయం పుల్లగా ఉండి, పొద్దెక్కే కొద్దీ ఆ పులుపు పోతుందని గమనించాడు. ఆ పరిశీలన 1815లో లండన్‌లోని లిన్నేయన్ సొసైటీ పత్రికలో అచ్చయింది.

ఇక షరతు ఏమిటంటే, ఈ పద్ధతి బాగా సాగాలంటే రాత్రులు చల్లగా ఉండాలి. అమెరికా ఎడారుల్లో పగలు ఎంత మండినా రాత్రి ఉష్ణోగ్రత బాగా పడిపోతుంది. సిమెంటు గోడలు, తారు రోడ్ల మధ్య ఉన్న మన కాలనీల్లో మే నెల రాత్రి కూడా వేడిగానే ఉంటుంది. అప్పుడు అలాంటి మొక్క బతికి ఉంటుంది కాని పెద్దగా పెరగదు. ‘ఎడారి మొక్క కదా, ఎండలో హాయిగా ఉంటుంది’ అనుకోవడం సరికాదు.

ఇంతకంటే నేర్పు చూపే మొక్క మన పెరటిలోనే ఉంది. అదే పప్పులో వేసుకునే గంగవాయిలి కూర. నీరు ఉన్నప్పుడు ఇది మొక్కజొన్న, చెరకుల మాదిరిగా సి-4 పద్ధతిలో వేగంగా పెరుగుతుంది. నీరు తగ్గినప్పుడు జెముడు అనుసరించే రాత్రి పద్ధతిని కూడా వాడుకుంటుంది. రెండు పద్ధతులూ ఒకే మొక్కలో ఉండడం అరుదు. ఇంతటి మొక్కను మనం కలుపు అని పీకేసి, ఆ చోట గులకరాళ్లు పోస్తున్నాం.

కంకర, నేల

గులకరాళ్ల సంగతి విడిగా చెప్పుకోవాలి. చాటో తోటలో కంకర పొర అలంకారం కోసం వేసింది కాదు. నేల పైభాగం నుంచి నీరు ఆవిరి కాకుండా అది ఆపుతుంది, కలుపును తగ్గిస్తుంది. పైగా కంకర వేయడానికి ముందు, వాహనాల బరువుకు గట్టిపడిన నేలను లోతుగా చీల్చి సేంద్రియ ఎరువు కలిపారు. మన దగ్గర చాలాచోట్ల ఈ రెండవ పని జరగదు. నేల మీద ప్లాస్టిక్ పట్టా పరిచి, దాని మీద రాళ్లు పోస్తారు. వాన నీరు లోపలికి ఇంకే దారి దాంతో మూసుకుపోతుంది. ఎండాకాలంలో రాళ్లు వేడెక్కి, ఆ వేడిని మొక్క మొదటికే అందిస్తాయి. ఎండుటాకులు కూడా నేలను కప్పగలవు. అవి రాళ్లలా కాగవు, కుళ్లి ఎరువుగా మారతాయి, ఆ ఎరువు నేల తడిని పట్టి ఉంచుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో రాలిన ఆకులను ఊడ్చి కాల్చివేసి, ఆ తరువాత డబ్బు పెట్టి కంకర కొనడం ఎలాంటి పొదుపో ఆలోచించండి. ఆకుల పొర కాండానికి తగలకుండా నాలుగు వేళ్ల దూరం ఉంచితే చెదలు, కుళ్లు బాధ తగ్గుతుంది.

నేల రకం కూడా మొక్క భవిష్యత్తును నిర్ణయిస్తుంది. ఛత్తీస్‌గఢ్ మైదానపు రైతులు తమ నేలలను భాటా, మటాసి, డోర్సా, కన్హార్ అని నాలుగు పేర్లతో గుర్తిస్తారు. భాటా మిట్టల మీద ఉండే ఎర్రని గులక నేల. దీనిలో పోసిన నీరు నిలవదు. కన్హార్ పల్లపు నల్ల బంకనేల. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగుళ్లు విచ్చుతుంది. మధ్య రకాలు మటాసి, డోర్సా. ఒకే రోజు, ఒకే బిందెడు నీరు పోసినా భాటాలోని మొక్క రెండో రోజుకే దాహంతో వాడిపోవచ్చు, కన్హార్‌లోని మొక్క వారం ఆగవచ్చు. జూలైలో ఈ పరిస్థితి తలకిందులవుతుంది. భాటాలోని మొక్క క్షేమంగా ఉంటే కన్హార్‌లోని మొక్క వేళ్లకు గాలి ఆడదు. నర్సరీ కాగితం మీద రాసిన ‘వారానికి ఒకసారి నీరు’ అన్న సూచన ఈ రెండు నేలల్లో దేనికి వర్తిస్తుంది?

గట్టి మొక్కల చరిత్ర

నీరు లేకున్నా బతికే మొక్క కావాలన్న కోరిక మనకు కొత్తది కాదు. 19వ శతాబ్దంలో మద్రాసు ప్రెసిడెన్సీ పొడి ప్రాంతాల్లో వంటచెరకు కొరత తీర్చడానికి అటవీ అధికారులు అమెరికా ఖండపు ప్రోసోపిస్ జూలిఫ్లోరా విత్తనాలు తెప్పించారు. 1870ల చివర్లో కడప జిల్లా కమలాపురంలో వాటిని నాటారు. అదే మనం సర్కారు తుమ్మ అని పిలిచే చెట్టు. కరువును తట్టుకోవడంలో దానికి సాటి లేదు. ఆ గుణం వల్లనే అది చెరువు గర్భాల్లో, బీడు భూముల్లో, కాలువ గట్ల మీద వ్యాపించి స్థానిక మొక్కలను తోసివేసింది. పేదల పొయ్యికి కట్టెలు, బొగ్గు ఇచ్చిన మాట నిజమే. కాని తెచ్చినవారు కోరుకున్న హద్దుల్లో అది ఉండలేదు.

ఇటీవలి ఉదాహరణ కోనోకార్పస్. ఎండకు, ఉప్పు నేలకు ఆగుతుందని, త్వరగా పచ్చగా ఎదుగుతుందని తెలుగు నగరాల్లో రోడ్ల మధ్య, పార్కుల్లో దీన్ని విస్తారంగా నాటారు. తరువాత దాని పుప్పొడి వల్ల అలర్జీలు, వేళ్ల వల్ల భూగర్భ పైపులకు నష్టం వస్తాయన్న ఆందోళన బయలుదేరింది. 2023లో గుజరాత్ ప్రభుత్వం దాన్ని నాటడాన్ని నిషేధించింది. ఈ ఆరోపణల్లో ఏది ఎంతవరకు నిజమన్నది పరిశోధనతో తేలాల్సిన విషయం. అయితే నాటేముందు అడగవలసిన ప్రశ్నలను లక్షల మొక్కలు నాటిన తరువాత అడుగుతున్నామన్నది మాత్రం వాస్తవం. ‘తట్టుకుంటుందా?’ అన్న ఒక్క ప్రశ్నతో మొక్కను ఎంచుకుంటే ఇలాంటి ఫలితాలే వస్తాయి.

మన చుట్టూ ఉన్న పాఠం

భిలాయి చుట్టుపక్కల ఫిబ్రవరి, మార్చి నెలల్లో బయటికి వెళ్తే, ఆకు ఒక్కటీ లేకుండా నిప్పులా పూచిన మోదుగ చెట్లు కనిపిస్తాయి. ఛత్తీస్‌గఢీలో దాన్ని పరసా అంటారు. ఆకు రాల్చి నీటి ఖర్చు తగ్గించుకుంటుంది, వానాకాలంలో బంక నేలలో నీరు నిలిచినా ఓర్చుకుంటుంది. రేల చెట్టు నడి ఎండాకాలంలో పసుపు పూల గుత్తులు వేలాడదీస్తుంది. వేప ఎండలు ముదిరే వేళకే కొత్త చిగురు వేసి ఉగాది పచ్చడికి పువ్వు అందిస్తుంది. పైనేల ఎండినా లోతు నేలలోని తడిని అందుకునే వేళ్లు ఈ చెట్ల బలం. పెద్ద చెట్టుకు చోటు లేని ఇంట్లో గన్నేరు, కాగితంపూలు, గరిక ఉన్నాయి. అయితే గన్నేరు, పచ్చ గన్నేరు విషపూరితం కాబట్టి చిన్నపిల్లలు, పశువులు తిరిగే చోట వద్దు.

రెండు కాలాలనూ ఎదుర్కొనే మొక్కకు మంచి ఉదాహరణ వట్టివేరు. చాపలుగా అల్లి తడిపి కిటికీలకు కట్టేది, కూలర్లలో వాడేది దీని వేళ్లనే. ఇవి నేలలోకి రెండు, మూడు మీటర్ల లోతుకు దిగుతాయి. అందువల్ల ఎండను తట్టుకుంటుంది, నీరు నిలిచినా చావదు, గట్టు మీద నాటితే మట్టి కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతుంది. అయినా నీటి పొదుపు తోటల బొమ్మల్లో దీనికి చోటు దొరకడం అరుదు.

మల్లె సంగతి ఇంకా ఆసక్తికరం. మల్లె తోటల రైతులు చలికాలం మొదట్లో నీరు కట్టడం ఆపి, మొక్కను కావాలనే ఎండబెడతారు. కొమ్మలు కత్తిరించి, ఆకు దూసి, తరువాత ఎరువు వేసి నీరు పెడతారు. కొత్త చిగుళ్లతో పాటు మొగ్గలు విరగబడి వస్తాయి. ఇక్కడ కరువు శత్రువు కాదు, పనిముట్టు! ఎప్పుడు నీరు ఆపాలో, ఎప్పుడు పెట్టాలో తెలియడంలోనే నేర్పంతా ఉంది. ఈ జ్ఞానం ఏ మొక్కల జాబితాలోనూ ఇమడదు.

అసలు లెక్క

ఇప్పుడు కొంచెం గణితం చేద్దాం. ఒక ఇంటి డాబా వైశాల్యం 100 చదరపు మీటర్లు అనుకోండి. ఏడాదికి 1,100 మి.మీ. వర్షం పడితే దాని మీద పడే నీరు 1,10,000 లీటర్లు. అయిదో వంతు వృథా పోయినా 88,000 లీటర్లు మిగులుతాయి. అదే ఇంటి ముందు 100 చదరపు మీటర్ల పచ్చిక ఉందనుకుందాం. ఎండాకాలంలో దానికి రోజుకు 5 మి.మీ. నీరు పెడితే 500 లీటర్లు, వంద రోజులకు 50,000 లీటర్లు కావాలి. ఆ ఇంటి మీద పడి మురుగు కాలువలోకి పోయిన నీటి కంటే ఇది తక్కువ. అయితే 50,000 లీటర్లు దాచే తొట్టి కట్టడం మామూలు కుటుంబానికి సాధ్యం కాదు. కాబట్టి చేయగలిగింది రెండు: పచ్చికను నాలుగో వంతుకు తగ్గించడం, డాబా నీటిని నేలలోకి ఇంకించడం.

ఉక్కు కర్మాగారం కూడా ఈ సూత్రం మీదే ఆధారపడింది. 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగిన ఈ కర్మాగారానికి తాందుల, గంగ్రెల్ జలాశయాల నీరు అందుతుంది. వానాకాలపు నీటిని పట్టి ఉంచి మిగతా నెలల్లో వాడుకోవడమే వాటి పని. కర్మాగారానికి అవసరమైన ఈ తెలివి ఇంటి తోటకు అక్కర్లేదా? భిలాయిలో లోటు నీటిది కాదు, దాన్ని నిలపడంలో ఉంది. ఎడారిని అనుకరించే తోట ఈ అసలు సమస్యను కనిపించకుండా చేస్తుంది. నాలుగు జెముళ్లు పెట్టి పొదుపు చేశామన్న తృప్తి మిగులుతుంది, డాబా నీరు మాత్రం కాలువలోకే పోతుంది.

బెత్ చాటో పుస్తకాల విలువ దీనితో తగ్గదు. ఆమె తన నేలను, తన వర్షాన్ని చూసి తోట వేసింది. మన నేలను, మన వర్షాన్ని చూసి మనం తోట వేస్తేనే ఆమెను సరిగ్గా చదివినట్టు. నీరు పెట్టని నియమాన్ని కూడా యథాతథంగా తీసుకోనక్కర్లేదు. వేళ్లు లోతుకు దిగేదాకా, అంటే మొదటి రెండు ఎండాకాలాలు, వేప మొక్కకైనా నీరు పెట్టాల్సిందే.

విద్యార్థులు చేసి చూడదగ్గ పనులు రెండు ఉన్నాయి. మీ పెరటిలో అడుగు లోతు, అడుగు వెడల్పు గుంట తీసి నీటితో నింపండి. ఇంకిన తరువాత మళ్లీ నింపి, ఈసారి ఎంతసేపట్లో ఇంకుతుందో రాసుకోండి. ఇదే పని మే నెలలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి చేస్తే మీ నేల రెండు ముఖాలూ తెలుస్తాయి. రెండవది, రణపాల ఆకును తెల్లవారుజామున ఒకటి, సాయంత్రం ఒకటి కోసి, నలిపి, రసాన్ని పి.హెచ్. కాగితంతో పరీక్షించండి. నోట్లో మాత్రం పెట్టుకోవద్దు. హేన్ నాలుకతో గుర్తించిన తేడా మీకు కాగితం రంగులో కనిపిస్తుంది.

ఆ తరువాత నర్సరీకి వెళ్లినప్పుడు ‘కరువును తట్టుకుంటుందా?’ అని ఊరుకోకుండా మూడు ప్రశ్నలు అడగండి. మే నెల వేడి రాత్రుల్లో ఇది ఎలా ఉంటుంది? జూలైలో వేళ్ల దగ్గర వారం రోజులు నీరు నిలిస్తే ఏమవుతుంది? దీని విత్తనాలు మా గోడ దాటితే ఎక్కడెక్కడ మొలుస్తాయి? జవాబు చెప్పలేకపోతే, మీ వీధిలో పదేళ్లుగా ఎవరూ నీరు పెట్టకుండానే పచ్చగా ఉన్న మొక్క ఏదో చూసి, దాని కొమ్మో, విత్తనమో అడిగి తెచ్చుకోండి.